గొడ్డలి వదిలిన చెట్లు

మాఘం దాటాక పాడేరు, చింతపల్లి వైపు కొత్తగా కొట్టిన పోడు ఏదైనా దూరం నుంచి బోడికొండలాగే కనిపిస్తుంది. దగ్గరికి వెళితే సంగతి వేరు. కొట్టిన మాను నేలమట్టంగా ఉండదు, మోకాలెత్తునో నడుమెత్తునో మోడుగా నిలబడి ఉంటుంది. ఆ మోళ్ల మధ్య అక్కడక్కడ నిండు చెట్లు: ఒక ఇప్ప, రెండు మామిళ్లు, వాగు వారన పనస, పై గట్టున ఒంటిగా జీలుగు. గొడ్డలికి అందక మిగిలినవి కావివి. గొడ్డలి పట్టిన మనిషి చూసి, తెలిసి వదిలేసినవి. ఉష్ణమండలపు కొండ అడవుల్లో ఏ జాతి చెట్లు ఎక్కువ, ఏవి తక్కువ అన్నది దేన్నిబట్టి తేలుతుందని అడిగితే పాఠ్యపుస్తకం వాన, రాయి, ఎత్తు అని చెబుతుంది. అబద్ధం కాదు. కానీ తూర్పు కనుమల్లో గోదావరికి పైన, రంపచోడవరం నుంచి అరకు దాకా సాగే మన్యంలో ఆ మూడింటితో లెక్క సగమే తేలుతుంది. మిగతా సగం మనుషుల జాబితాల్లో ఉంది. ఏ చెట్టును ముట్టకూడదు, ఏది కలపకు పనికిరాదు, ఏది బయటి నుంచి తెచ్చి నాటాలి అన్న తీర్పులు గత రెండు వందల ఏళ్లలో మూడు చేతులు మారాయి. మొదట పోడు కొట్టేవాళ్లవి, తర్వాత అటవీశాఖవి, చివరికి కాఫీ తోటలవి. ఇవాళ ఆ కొండల మీద కనిపించే చెట్ల కలగలుపు ఆ తీర్పుల చరిత్రే అన్నది ఈ వ్యాసం వాదం.

ముందుగా ప్రకృతి వాటా ప్రకృతికి ఇచ్చేద్దాం. రాయి ఎంత గట్టిగా శాసించగలదో చూడాలంటే మన్యం వదిలి దక్షిణానికి, శేషాచలం, వెలికొండల వైపు వెళ్లాలి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఆ చుట్టుపక్కల కొండల్లోనే. పలచటి మట్టి, పలుగురాతి నేల, తక్కువ వాన ఉన్నచోట మిగతా చెట్లు గిడసబారిపోతే అది నిలదొక్కుకుంది. అదే కొండల్లో తంబుగై ఉంది. రాక్స్‌బర్గ్ దానికి శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు మన తెలుగు పేరునే లాటిన్ తోకలో ఇరికించాడు. 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ సర్కారు కొండల మొక్కలను బొమ్మలు గీయించి నమోదు చేసిన ఆ స్కాటిష్ వైద్యుడి పుస్తకాల్లో ఇలాంటివి మరికొన్ని దొరుకుతాయి. సోమి చెట్టు ప్రజాతి పేరు సోయ్‌మిడా అన్నది కూడా తెలుగు నుంచి వెళ్లిందే. ఉత్తరాన మన్యంలో రాయి మారుతుంది. అక్కడిది ఖోండలైట్, చార్నొకైట్. వాన ఏటా 1,200 మిల్లీమీటర్లకు పైనే, శిఖరాలు కొన్ని 1,600 మీటర్లు దాటాయి. ఎత్తయిన లోయల్లో, వాగుల వెంట ఆకు రాల్చని చెట్లు దట్టంగా ఉండటానికి, ఎండ వాలు మీద చిరుమాను, బిల్లు, తుమికి ఉండటానికి కారణం తేమే. దీన్ని ఎవరూ కాదనలేరు.

వాన, రాయి చేసేది ఒక కొండ మీద ఏ ఏ జాతులు బతకగలవో తేల్చడం. బతకగలిగిన వందలో ఏ పది రాజ్యమేలుతాయో అవి తేల్చవు. సాలు చెట్టు సంగతే చూడండి. మన గుగ్గిలం చెట్టు అదే. ఒడిశా నుంచి దిగుతూ వచ్చి శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో బలంగా ఉండి, అరకు ప్రాంతానికి వచ్చేసరికి ఆగిపోతుంది. గోదావరి వైపు నుంచి చూస్తే సహజమైన టేకు తూర్పుకు వచ్చేకొద్దీ పలచబడుతుంది. ఈ రెంటి మధ్య వాన ఒక్కసారిగా తగ్గిపోదు, రాయి గీత గీసినట్టు మారిపోదు. సాలు గింజ రాలిన వారం పది రోజుల్లో మొలకెత్తకపోతే చచ్చిపోతుంది, గాలి దాన్ని తల్లిచెట్టుకు ఆట్టే దూరం మోయలేదు. అంటే అది ఎక్కడ ఉందన్న దాంట్లో వాతావరణంతో పాటు ఎంత దూరం నడవగలిగింది, దారిలో ఎవరు అడ్డుపడ్డారు అన్నది కూడా ఉంది. ఒకే వాన పడే, ఒకే రాతి మీద ఉన్న రెండు పక్కపక్క వాలుల్లో ఒకదాని మీద వెదురు, మోదుగ, ఇంకోదాని మీద నల్లమద్ది, వేగిస కనిపిస్తే, వాటి తేడాను ఆకాశంలో వెతికి లాభం లేదు. నేల మీద, నిప్పులో, మోడులో వెతకాలి.

పోడు ఎలా కొడతారో వివరంగా చూస్తే ఈ మాట తేలికగా అర్థమవుతుంది. మన్యంలో దీనికి రెండు పేర్లున్నాయి, వాలు మీద చేసేది కొండపోడు, కాస్త చదునున్న చోట చేసేది చలకపోడు. చలికాలం చివర చెట్లు, పొదలు కొట్టి అక్కడే పడేసి ఎండనిస్తారు. వానలకు ముందు, చైత్ర వైశాఖాల్లో నిప్పు పెడతారు. బూడిద చల్లారాక మొదటి వానకు నాగలి లేకుండానే, కర్రతోనో చిన్న గునపంతోనో గుంటలు చేసి సామ, కొర్ర, చోడి, కంది కలిపి విత్తుతారు. రెండు మూడేళ్లు పండించి ఇంకో వాలుకు వెళ్లిపోతారు. ఇందులో అడవికి ముఖ్యమైనది పంట కాదు, మోడు. నడుమెత్తున కొట్టడం మొదట్లో ఒళ్లు వంచక చేసిన పని కావచ్చు, కానీ దాని ఫలితం పెద్దది. వేరు చావదు. నిప్పు పైన పాకి వెళ్లిపోయాక అదే మోడు నుంచి నాలుగైదు చివుళ్లు లేస్తాయి. సాలు, నల్లమద్ది, తుమికి, టేకు లాంటివి ఇలా మోడు చిగిర్చే చెట్లు. గింజ పడి, మొలిచి, నీడలో ఎదగాల్సిన జాతులకు ఆ అవకాశం దొరకదు. పదిహేను ఇరవయ్యేళ్లకు ఆ వాలుకు మళ్లీ గొడ్డలి వచ్చేసరికి అక్కడ ఉండేది చిగిర్చగలిగిన జాతుల అడవి. అలా నాలుగైదు తరాలు గడిస్తే ఒక జల్లెడ పట్టినట్టే. దాన్ని చూసి ఇది ఈ వాతావరణానికి సహజమైన ఆకురాల్చు అడవి అని వర్గీకరించడం తేలికే, వర్గీకరణలో గొడ్డలికి గడి ఉండదు కాబట్టి.

జల్లెడకు ఒక వైపు చిగిర్చేవి, రెండో వైపు వదిలేసినవి. వదిలేసిన చెట్లలో నా వాదానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం జీలుగు. తాటి, ఈత చుట్టమే అది, ఆకు మాత్రం చేప తోకలా చీలి ఉంటుంది. దానికి పిలకలు రావు. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే, నరికితే మోడు చిగిర్చదు. పైగా పువ్వు గెలలు పై నుంచి కిందికి ఒక్కొక్కటిగా వేసి, చివరి గెల పండగానే ఆ చెట్టు ఎలాగూ చచ్చిపోతుంది. అందువల్ల పదే పదే పోడు కొట్టిన వాలు మీద ఎదిగిన జీలుగు నిలబడి ఉందంటే, నరికిన ప్రతిసారీ ఎవరో దాన్ని చూసి గొడ్డలి దించారని అర్థం. ఎందుకు దించారో చెప్పడం కష్టం కాదు. గెల కోసి కుండ కడితే కల్లు, కరువొస్తే కాండంలోని మెత్తటి గుజ్జు దంచితే పిండి. 1940లలో కొండరెడ్ల మధ్య తిరిగి పుస్తకం రాసిన హైమెండార్ఫ్‌ కూడా ఆ పిండి గురించి చెప్పాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. కల్లు తీసిన గెలకు కాయలు కాయవు. కాబట్టి కొత్త చెట్లు కల్లు తీయకుండా వదిలిన గెలల నుంచే రావాలి. ఆ కాయ గుజ్జు చేతికి తగిలితే దురద పుడుతుంది, మనిషి దాన్ని నాటే పని పెట్టుకోడు. మానుపిల్లి మాత్రం తిని ఎక్కడో విసర్జిస్తుంది. ఒక చెట్టు ఉనికిలో మనిషి, మానుపిల్లి ఇద్దరికీ పాత్ర ఉందన్నమాట. ఒకరు గింజ చల్లితే ఇంకొకరు ప్రాణం నిలిపారు.

జీలుగు ఎంత విలువైందో సర్కారుకు 1879లో తెలిసొచ్చింది. రంప ముఠాల (ఊళ్ల గుంపుల) మీద అక్కడి ఏలిక అయిన మన్సబుదారు చిగురుపన్ను పేరుతో కల్లు మీద వసూళ్లు చేసేవాడు. దాని మీద ఆబ్కారీ నిబంధనలు వచ్చి, కల్లు హక్కును గుత్తదార్లకు వేలం వేశారు. అప్పటి నుంచి తమ పోడులో తాము వదిలిన చెట్టు నుంచి కల్లు తీసుకోవడానికి మైదానం నుంచి వచ్చిన వాడికి డబ్బు కట్టవలసి వచ్చింది. ఆ ఏడాది మార్చిలో మొదలైన రంప పితూరీకి ఇది ఒక్కటే కారణం అనలేం. అయినా ముందువరసలో పెట్టాల్సిన కారణం ఇదే. ఒక చెట్టును వదలడం అన్నది అలవాటుగానో భక్తిగానో చూసే వాళ్లకు ఇది జవాబు. వదలడం అంటే దాని మీద హక్కు చెప్పడం. ఆ హక్కు పోతే ఆ చెట్టును వదిలే కారణం కూడా పోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. మామిడి, ఇప్ప, పనస ఈ నేలవే, లేదా చాలాకాలంగా అడవిలోనే ఉన్నవి. ఇప్పపూవు ఎలుగు తింటుంది, పండును గబ్బిలం మోస్తుంది. మనిషి లేకపోయినా అవి ఉండేవి కదా, మరి వాటిని మనిషి లెక్కలో ఎందుకు వేయాలి అని అడగవచ్చు. ఉండేవి, నిజమే. ఎన్ని ఉండేవన్నదే ప్రశ్న. చుట్టూ ఉన్న చెట్లన్నీ పదిహేనేళ్లకోసారి నేలకూలుతుంటే తాను మాత్రం నిండా ఎండ తగిలి, కొమ్మలు చాచి, వందేళ్లు కాసే చెట్టు గింజలకు దొరికే అవకాశం మామూలు అడవిలో దొరకదు. మన్యంలో కొత్తల ఆచారం కూడా ఇందులో కలుస్తుంది. మామిడి కొత్త పండగ చేయనిదే ఊళ్లో ఎవరూ మామిడికాయ తినరు. కారణం దేవతకు ముందు పెట్టడమే కావచ్చు, అడవి మీద దాని ఫలితం మాత్రం టెంక ముదిరేదాకా కాయ చెట్టు మీదే ఉండటం. ఇంతకన్నా తిరుగులేని సాక్ష్యం కావాలంటే చింత ఉంది. చింత పుట్టిల్లు ఆఫ్రికా. మన దేశానికి ఎప్పుడో వచ్చి మనదైపోయింది, పేరులో కూడా పరాయితనం మిగల్లేదు. అలాంటి చెట్టు ఏ ఊరూ లేని చోట, అడవి నడుమ నాలుగైదు గుంపుగా నిలబడి ఉంటే అక్కడ ఒకప్పుడు ఇళ్లుండేవని ఏ మన్యం రైతైనా చెబుతాడు. పోడు మారినప్పుడు, జబ్బులొచ్చినప్పుడు ఊరు లేచిపోయేది, చింత మిగిలేది. అడవిలోకి ఒక జాతిని తెచ్చిపెట్టి, దాన్ని అక్కడే వదిలి వెళ్లిన చేతికి ఇంతకన్నా ముద్ర ఏం కావాలి?

రెండో జాబితా కాగితం మీద వచ్చింది. మద్రాసులో దక్షిణ భారతపు మొదటి రైలు 1856 జులైలో కదిలింది. అదే ఏడాది చివర్లో క్లెగ్‌హార్న్ మద్రాసు ప్రెసిడెన్సీ తొలి అటవీ సంరక్షకుడయ్యాడు. ఈ రెండూ ఒకే ఏడు జరగడం కాకతాళీయం అనుకోనక్కర్లేదు. మైలు పట్టాకు దాదాపు 1,800 దుంగలు కావాలి, మందు పట్టించకుండా చెదకు తట్టుకునే కర్ర సాలు, టేకు లాంటి కొద్ది జాతులకే ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని రిజర్వు చేసింది. దాని వెంట అటవీశాఖ చెట్లకు అంతస్తులు కూడా పెట్టింది. టేకు, జిట్రేగి, వేగిస, మద్ది పై వరస. కింది వరసకు పేరు కూడా దక్కలేదు, అన్నిటినీ కలిపి జంగిల్‌వుడ్ అన్నారు. పోడు చేసేవాడి దృష్టిలో ప్రాణం నిలిపే జీలుగు, ఇప్ప చాలావరకు ఈ పేరులేని గుంపులో పడ్డాయి. శాఖ కలప కొట్టించే కూపుల్లో విలువైన జాతి మొక్కలకు అడ్డం వచ్చిన వాటిని కొట్టేయడం అడవి మెరుగుదల అయింది. మలబారులోని నిలంబూరులో 1840లలో కనోలీ, చాతు మీనన్ టేకును నాటి పెంచవచ్చని చూపించారు కాబట్టి, ఆ నమూనా క్రమంగా టేకు సహజంగా లేని కొండలకు కూడా పాకింది. ఇలా రిజర్వు గీత లోపల ఒక రకం ఎంపిక, బయట ఇంకో రకం ఎంపిక నడిచాయి. గీత లోపల పోడుకు అనుమతి లేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడినప్పుడు ఆయన వెనక నడిచిన గూడెం మనుషుల ఫిర్యాదుల్లో రోడ్డు పని వెట్టితో పాటు ఈ గీత కూడా ఉంది.

అటవీశాఖ వైపు నుంచి వచ్చే వాదాన్ని కూడా పక్కకు నెట్టకూడదు. పోడు అడవిని కూర్చలేదు, కూల్చింది అని వాళ్లు వందేళ్లకు పైగా అంటూనే ఉన్నారు. నిప్పును ఆపితే అసలైన అడవి తిరిగొస్తుందన్నది ఆ కాలపు నమ్మకం. నిప్పును నిజంగానే ఆపి చూశారు కూడా. బెంగాలు, అస్సాం సాలు అడవుల్లో దశాబ్దాల పాటు మంటల నుంచి కాపాడాక తేలింది ఏమిటంటే, పొదలు, పచ్చని చెట్లు దట్టంగా లేచి కొత్త సాలు మొక్కలు రావడమే మానేశాయి. 1920ల నాటికి అదే శాఖ సాలు కోసం మళ్లీ నిప్పు పెట్టడం మొదలుపెట్టింది. రైలు పట్టాలకు కావలసిన సాలు అడవి పాత మంటల బిడ్డ అని దీనివల్ల ఒప్పుకోవలసి వచ్చింది. అంతమాత్రాన పోడును నెత్తిన పెట్టుకోవడం కూడా సరికాదు. విరామం పదిహేనేళ్లున్నప్పుడు పనిచేసిన జల్లెడ మూడు నాలుగేళ్లకు కుదించుకుపోతే చిగిర్చే జాతులు కూడా అలిసిపోతాయి. అప్పుడు మిగిలేది కొడిశ, పులికంప లాంటివి. కొడిశ ఆకు విషం, గొడ్డు ముట్టదు. మేత ఒత్తిడి ఉన్నచోట అదే దాని బలం. విరామం ఎందుకు కుదించుకుపోయిందంటే జనాభా ఒక కారణం, పోడు చేయగల నేలను రిజర్వు గీత తగ్గించడం ఇంకో కారణం. ఈ రెండింటిలో ఒకదాన్నే చూపించే ఏ లెక్కనైనా అనుమానించాలి. తుమికి సంగతి కూడా ఇక్కడే. బీడీ ఆకు దాని ఆకే. ఆ వ్యాపారాన్ని 1971 చట్టంతో రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది. మెత్తటి లేత ఆకు కావాలంటే ఏటా మొదళ్లు కొట్టాలి. రాక్స్‌బర్గ్ పేరు పెట్టేనాటికి చెట్టయిన తుమికి తెలంగాణ, గోదావరి అడవుల్లో చాలాచోట్ల ఇప్పుడు నడుం దాటని పొద. జాతి మారలేదు, చెట్టే పొదయింది.

మూడో జాబితా కాఫీది. 1898లో పాములేరు లోయలో బ్రోడీ అనే ఆంగ్ల అధికారి నాటించిన మొక్కలతో మొదలైన ఈ పంట 1920ల నాటికి అరకు, అనంతగిరి వైపు చేరింది. 1960ల నుంచి అటవీశాఖ, ఆ తర్వాత అటవీ అభివృద్ధి సంస్థ, గిరిజన సంక్షేమ పథకాలు దీన్ని పెంచాయి. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు తోటలు లక్ష ఎకరాలు దాటాయి. ఈ కొండల్లో కాఫీని నీడ కిందే పెంచుతారు. నీడకు ఎంచుకున్నది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్. తిన్నగా, తొందరగా ఎదుగుతుంది, నీడ పలచగా ఉంటుంది, మిరియం తీగ దాని గరుకు మాను పట్టుకుని పైకి పోతుంది, కొట్టి అమ్మితే డబ్బు వస్తుంది. స్థానిక చెట్లను కొట్టేసి దీన్ని నింపారన్న విమర్శ కొన్నిచోట్ల నిజం. అయితే పాడేరు వైపు ఎన్నో తోటలు వేసింది అడవిలో కాదు, పోడు చేసీ చేసీ నీడే మిగలని వాలుల్లో. అక్కడ ముందు సిల్వర్ ఓక్ నాటి, మూడేళ్లు ఆగి, నీడ పడ్డాక కాఫీ పెట్టారు. కాబట్టి దాన్ని మొదటి రెండు జాబితాల మీద పరాయి దాడిగా చూడటం నాకు సబబుగా అనిపించదు. వాటి తర్వాతి పేజీ అది. చింత వచ్చినప్పుడు కూడా ఎవరో ఒకరు దాన్ని పరాయి చెట్టనే అనుకుని ఉంటారు. తేడా వేగంలో ఉంది. చింత వందల ఏళ్లలో ఊరూరా ఒక గుంపుగా విస్తరించింది, సిల్వర్ ఓక్ నలభై యాభై ఏళ్లలో కొండలకు కొండలు కప్పింది.

పాత జాబితా పూర్తిగా చెరిగిపోలేదు కూడా. పోడు తోటగా మారిన వాలుల్లో పనస, మామిడి నిలబడే ఉంటాయి, వాటి కింద కాఫీ బాగానే కాస్తుంది. జీలుగు వల్ల కాఫీకి పెద్దగా ఒరిగేది లేదు, సన్నటి నీడ తప్ప. తోట పథకం కాగితాల్లో సిల్వర్ ఓక్ మొక్కలు ఎకరాకు ఇన్ని అని రాసి ఉంటాయి, జీలుగుకు గడి లేదు. అయినా దాని గెలకు కుండ కట్టే ఉంటుంది. పొద్దు వాలాక దాన్ని దించుకోవడానికి ఎవరు ఎక్కుతారో, ఆ చెట్టు ఎవరి తాత వదిలిందో ఊరందరికీ తెలుసు.